గర్భసంచి సంతానం కొరకు మాత్రమేనా?

"పెండ్లయితే అన్నీ అవే సర్దుకుంటాయి." నెలల తరబడి ముట్టు రాని ఆడపిల్లను గురించి మా కడప జిల్లాలో పెద్దలు చెప్పే తీర్పు ఇది. ప్రొద్దుటూరు బంగారు అంగళ్ళ దగ్గర విన్నా, జమ్మలమడుగు బస్టాండులో విన్నా, పులివెందులలో పెండ్లిమాటల నడుమ విన్నా ఈ తీర్పులో అక్షరం మారదు. ఇది అబద్ధమనీ, అపాయకరమైన అబద్ధమనీ నా వాదన.

పీసీఓఎస్ అనగానే అందరి దృష్టీ అండాశయంలోని "నీటిబుడగల" మీదికి పోతుంది. నిజానికి అవి బుడగలు కావు, ఎదుగుదల మధ్యలో ఆగిపోయిన అండపుటికలు. అసలు కథ గర్భసంచి లోపొరలో నడుస్తుంది. ప్రతి నెలా ఈస్ట్రోజన్ ఆ పొరను పెంచుతుంది. అండం విడుదలైన తరువాత పుట్టే ప్రొజెస్టెరాన్ ఆ పెరుగుదలకు కళ్ళెం వేసి, పొరను పక్వం చేస్తుంది. గర్భం నిలవకపోతే ప్రొజెస్టెరాన్ తగ్గి, పొర రాలిపోతుంది. అదే ముట్టు. అండం విడుదల కాకపోతే ప్రొజెస్టెరాన్ లేదు, కళ్ళెమూ లేదు. నీరు పెట్టడమే తప్ప కోత ఎరుగని మడిలాగా పొర పెరుగుతూ పోతుంది. ఒకనాడు అదుపు తప్పి రక్తస్రావమవుతుంది. ఏళ్ళ తరబడి ఇలాగే సాగితే కణాలు దారి తప్పవచ్చు. పీసీఓఎస్ ఉన్న స్త్రీలకు గర్భాశయ లోపొర క్యాన్సర్ ముప్పు ఇతరులకన్నా ఎక్కువ. ఆ ముప్పు మొత్తంగా చూస్తే తక్కువే, కానీ నివారించదగినది. పెండ్లి ఏ గ్రంథి నుండీ ప్రొజెస్టెరాన్ స్రవింపజేయదు.

ఇది ఎక్కడో దూరదేశపు జబ్బు కాదు. ఆంధ్రప్రదేశ్‌లోని ఒక రెసిడెన్షియల్ కాలేజీలో 15 నుండి 18 ఏళ్ళ అమ్మాయిలు 460 మందిని పరీక్షించి 2011లో ప్రచురించిన అధ్యయనంలో, రాటర్‌డామ్ ప్రమాణాల ప్రకారం 9.13 శాతం మందికి ఈ లక్షణసముదాయం ఉన్నట్లు తేలింది. ముట్టు మొదలైన తొలి ఏళ్ళలో స్కానింగును బట్టి ఈ జబ్బును నిర్ణయించరాదని ఇప్పటి అంతర్జాతీయ మార్గదర్శకాలు చెబుతున్నాయి కనుక, నేటి కొలతతో ఆ లెక్క కొంత తగ్గవచ్చు. తగ్గినా, ఇంటర్మీడియట్ తరగతి గదిలో ఒకరిద్దరు ఉండనే ఉంటారు.

ఆ అమ్మాయికి మనం చేస్తున్నదేమిటి? పెండ్లికి ముందు దాచిపెడతాం. పొరకు రక్షణగా డాక్టరు హార్మోను మాత్రలు రాస్తే, "పెండ్లికాని పిల్లకు పిల్లలు పుట్టకుండా చేసే మాత్రలా!" అని తల్లులు చీటీని చించివేస్తారు. ఆ మాత్రల్లోని ప్రొజెస్టిన్ లోపొరకు కాపలా అని విడమరచి చెప్పే ఓపిక చాలామంది డాక్టర్లకూ లేదు.

పెండ్లయిన మరుసటి ఏటికి అదే పిల్ల "గొడ్రాలు" అవుతుంది. ఇది రెండవ అబద్ధం. పీసీఓఎస్‌లో గర్భం ఆలస్యం కావడానికి ప్రధాన కారణం అండం సక్రమంగా విడుదల కాకపోవడం. ఇన్సులిన్ పోటు, ప్రొజెస్టెరాన్‌కు సరిగా స్పందించని లోపొర కూడా కొంత అడ్డుపడతాయి. అయినా అండాన్ని విడుదల చేయించే మందులున్నాయి. 2014లో వెలువడిన అమెరికా అధ్యయనంలో 750 మంది స్త్రీలను పరిశీలించగా, లెట్రోజోల్ వాడినవారిలో 27.5 శాతం మందికీ, క్లోమిఫెన్ వాడినవారిలో 19.1 శాతం మందికీ బిడ్డలు పుట్టారు. క్లోమిఫెన్ లోపొరను పలుచబరచవచ్చు; లెట్రోజోల్‌తో ఆ బెడద తక్కువ. ఈ పనికి లెట్రోజోల్‌ను మన దేశం 2011లో నిషేధించి, 2017లో మరల అనుమతించింది. ఇంత చవకైన మాత్ర ఉండగా, మొదటి అడుగులోనే టెస్ట్‌ట్యూబ్ బేబీ హోర్డింగుల వైపు పరుగెత్తించడం ఏ వైద్యధర్మం?

ఇద్దరు పిల్లలు పుట్టాక మూడవ అంకం. "ఇక గర్భసంచితో పనేముంది, తీసేయించుకో!" 2015-16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 15-49 ఏళ్ళ స్త్రీలలో గర్భసంచి తొలగింపు దేశంలోకెల్లా ఎక్కువగా ఆంధ్రప్రదేశ్‌లోనే, 8.9 శాతం. ఆ ఆపరేషన్లన్నిటికీ పీసీఓఎస్ కారణమని నేననను. కానీ మందుతో నిలిపే రక్తస్రావానికి కత్తిని మొదటి మందు చేసిన మనస్తత్వం ఒకటే: బిడ్డ కోసమైతే గర్భసంచి దేవాలయం, లేకపోతే పాత సంచి.

"పల్లె జనానికి ఇవన్నీ ఎక్కడ అందుతాయి?" అని ఎవరైనా అడగవచ్చు. జమ్మలమడుగులో క్యాంబెల్ పేరిట మిషన్ ఆసుపత్రి ఉంది. అక్కడ కొంతకాలం పనిచేసిన వై.ఎస్. రాజశేఖరరెడ్డి గారు 1973లో పులివెందులలో తండ్రి పేరిట ఆసుపత్రి పెట్టారు. ముఖ్యమంత్రిగా 2007లో ఆరోగ్యశ్రీ తెచ్చారు. ప్రొద్దుటూరులో ప్రభుత్వ ఆసుపత్రి ఉంది. కనుక గోడలకు కొరత లేదు. పెండ్లి ప్రసక్తి లేకుండా ముట్టును గురించి మాట్లాడే నోటికే కొరత.

మిత్రులారా, నేను కోరేది స్వల్పం. మీ ఇంట ఏ ఆడపిల్లకైనా మూడు నెలలు దాటినా ముట్టు రాకపోతే, ఆమెకు పెండ్లయిందా, పిల్లలున్నారా అని లెక్కలు వేయకండి. డాక్టరు వద్దకు తీసుకెళ్ళి, "బిడ్డలు పుడతారా?" అని కాక, "ఈ పిల్ల గర్భాశయపు లోపొరకు రక్షణ ఏమిటి?" అని అడగండి. ఆ ప్రశ్న ఆమె కోసం అడిగేది, రాబోయే బిడ్డ కోసం కాదు.