ఫ్యాను ‘డైరెక్ట్’ చేస్తే సరిపోతుందా?

బళ్లారిలో మార్చి దాటిందంటే కార్ల షెడ్లలో ఒక మాట పదేపదే వినబడుతుంది: ‘డైరెక్ట్ ఇచ్చేద్దామా అన్నా?’ రేడియేటర్ ఫ్యాను తిరగడం లేదు. టెంపరేచర్ ముల్లు పైకి పోతోంది. బండిలో పెళ్లివాళ్లున్నారు, ముహూర్తానికి ఆలూరు చేరాలి. మిస్త్రీ పాత వైరు కత్తిరించి, బ్యాటరీ నుంచో ఇగ్నిషన్ నుంచో కొత్త వైరు లాగి ఫ్యానుకు తగిలిస్తాడు. ఫ్యాను గిర్రున తిరుగుతుంది. రెండు మూడు వందలు చేతిలో పెట్టి అందరూ సంతోషంగా పోతారు.

ఆ పూటకు అది తప్పు కాదు. నడిరోడ్డు మీద ఇంజిన్ ఉడికిపోతుంటే ఎవరైనా చేసేది అదే. తప్పెక్కడంటే, ఆ వైరును ఆ తర్వాత ఎవరూ తీయరు. రెండేళ్లయినా అలాగే ఉంటుంది. బండి అమ్మితే కొన్నవాడికి వారసత్వంగా పోతుంది. సెకండ్ హ్యాండ్ కారు బేరానికి పోయినవాళ్లకు డాష్‌బోర్డు కింద వేలాడే స్విచ్ పరిచయమే. ఇదేమిటని అడిగితే ‘ఫ్యానుదిలే సార్, ట్రాఫిక్‌లో వేసుకోండి’ అంటారు. లక్షలు పోసి కొన్న బండిలో ఇంజిన్ ప్రాణం మన మతిమరుపు మీద ఆధారపడి ఉందన్నమాట.

కంప్యూటర్ ఉన్న బండిలో ఫ్యాను కంప్యూటర్ చేతిలోనే ఉండాలి. ఆ పని మన మిస్త్రీలకు చేతకానిది కాదు. చేతికి అందనిది ఒక్కటే, వైరింగ్ బొమ్మ. దాని సంగతి తర్వాత చెబుతాను.

అంబాసిడర్, పాత జీపుల కాలంలో ఈ గొడవే లేదు. ఇంజిన్ తిరిగితే బెల్టు తిరిగేది, బెల్టుతో ఫ్యాను తిరిగేది. 1983లో మారుతి 800 వచ్చాక ఇంజిన్ అడ్డంగా కూర్చుంది. బెల్టుతో ఫ్యాను తిప్పే వీలు లేక దానికి కరెంటు మోటారు పెట్టారు. నీళ్లు ఒక వేడికి చేరగానే థర్మో స్విచ్ కలిసేది, ఫ్యాను తిరిగేది. ఇంత సులువైన ఏర్పాటు కాబట్టే డైరెక్ట్ చేయడం కూడా సులువుగా అలవాటైంది. ఎంపీఎఫ్ఐ వచ్చాక సంగతి మారింది. పెట్రోలు ఎంత చిమ్మాలి, ఎప్పుడు స్పార్క్ ఇవ్వాలి అన్నీ ఈసీయూ చూసుకోవడం మొదలైంది. ఫ్యాను కూడా దాని లెక్కలోకే పోయింది. బండ్లు మారాయి, చేతులు మాత్రం పాత అలవాటులోనే ఉన్నాయి.

కంప్యూటర్ చేసే పని

ఈసీయూ ఫ్యానుకు కరెంటు పంపుతుందని చాలామంది అనుకుంటారు. పంపదు. ఫ్యాను మోటారుకు 10 నుంచి 20 ఆంపియర్లు కావాలి, స్టార్టయ్యే క్షణంలో ఇంకా ఎక్కువ. ఈసీయూ లోపల ఉండే చిన్న ట్రాన్సిస్టర్ అంత భారం మోయలేదు. మధ్యలో అందుకే రిలే ఉంటుంది. రిలే కింద 30, 87, 85, 86 అని నాలుగు అంకెలు కనిపిస్తాయి. బ్యాటరీ నుంచి ఫ్యూజు మీదుగా వచ్చే లావు వైరు 30కి, ఫ్యానుకు పోయేది 87కి. కాయిల్ ఒక కొసకు ఇగ్నిషన్ నుంచి ప్లస్ వస్తుంది. రెండో కొస ఈసీయూకు పోతుంది. ఎక్కువ కార్లలో ఈసీయూ చేసేదల్లా వేడి చూసుకుని ఆ కొసను ఎర్త్ చేయడమే. రిలే ‘టిక్’మంటుంది, ఫ్యాను అందుకుంటుంది. కాయిల్ లాగేది ఆంపియరులో ఐదో వంతు ఉంటే ఎక్కువ.

ఈ ముక్క తెలియకనే ఈసీయూలు కాలిపోతున్నాయి. కంప్యూటర్ వైరునే తెచ్చి నేరుగా ఫ్యాను మోటారుకు కలిపితే లోపలి ట్రాన్సిస్టర్ ఆవిరి. ఆ వైరుకు ప్లస్ తగిలించి చూసినా అదే గతి. ఫ్యూజుతో పోయేది వేలల్లోకి పోతుంది. కొత్త రిలే వేసేటప్పుడు కాయిల్‌కు అడ్డంగా డయోడ్ గానీ రెసిస్టర్ గానీ ఉన్నదే తీసుకోవాలి. కాయిల్ ఆగిపోయే క్షణంలో పుట్టే ఎదురు వోల్టేజీ ఈసీయూ మీద పడకుండా అది ఆపుతుంది. డయోడ్ ఉన్న రిలేకు ప్లస్, మైనస్ తారుమారు కాకూడదు. ఇది రాసుకుని జేబులో పెట్టుకోదగ్గ ముక్క.

ఇక వేడి చూసే పని. కూలెంట్‌లో ముంచి ఉండే సెన్సర్‌కు వేడి ఎక్కేకొద్దీ రెసిస్టెన్స్ తగ్గుతుంది. చాలా కార్లలో ఫ్యాను 95 - 100 డిగ్రీల మధ్య ఎక్కడో అందుకుంటుంది, నాలుగైదు డిగ్రీలు దిగాక ఆగుతుంది. ఏసీ వేస్తే ఆ లెక్క వేరు. వేడి లేకపోయినా, కండెన్సర్ కోసం ఫ్యాను తిరగాలి. హైవే మీద ఎదురుగాలి బాగా తగులుతుంటే చాలాసార్లు ఫ్యాను అవసరమే రాదు. కొన్ని బండ్లలో ఫ్యాను అందుకునే ముందు ఈసీయూ ఐడ్లింగ్ కాస్త పెంచుతుంది, ఆల్టర్నేటర్ మీద బరువు పడినా ఇంజిన్ వణకకుండా. కొన్నింటిలో ఇంజిన్ ఆపేశాక కూడా ఫ్యాను కాసేపు తిరుగుతుంది. డాష్‌బోర్డు కింది స్విచ్‌కు ఇవేవీ తెలియవు.

డైరెక్ట్ చేస్తే ఏమవుతుంది? ఇగ్నిషన్‌కు కలిపితే ఫ్యాను పొద్దస్తమానం తిరుగుతుంది. 15 ఆంపియర్లంటే రెండు వందల వాట్లు. ఇంట్లో మూడు సీలింగ్ ఫ్యాన్లు ఆపకుండా తిప్పినట్టు. ఆ కరెంటు ఊరికే రాదు, పెట్రోలులోంచే రావాలి. మోటారులో కార్బన్ బ్రష్‌లు త్వరగా అరుగుతాయి. చివరికి ఏ మే నెల మధ్యాహ్నమో, రాయల్ సర్కిల్ సిగ్నల్ దగ్గర, ఫ్యాను నిజంగా కావలసిన రోజునే ఆగిపోతుంది. స్విచ్ పెట్టుకుంటే ఇంకో ప్రమాదం. ఒక్కసారి వేయడం మరిచిపోతే చాలు. అల్యూమినియం సిలిండర్ హెడ్ వంకరపోతుంది, గ్యాస్కెట్ పోతుంది. సన్నటి వైరుతో, ఫ్యూజు లేకుండా లాగితే ఏమవుతుందో చెప్పనక్కర్లేదు. వైరు వేడెక్కి, పైపూత కరిగి, పక్కనున్న వైర్లతో కలిసిపోతుంది. బానెట్ కింద పొగ మొదలయ్యేది అక్కడే.

దీనికి తోడు మన ప్రాంతపు ఇంకో జబ్బు థర్మోస్టాట్ పీకేయడం. ‘మన ఎండలకు ఇది ఎందుకన్నా’ అని తీసి పక్కన పడేస్తారు. థర్మోస్టాట్ ఉంటే, ఫ్యాను ఎప్పుడూ తిరిగినా ఇంజిన్ మరీ చల్లబడదు. నీళ్లను రేడియేటర్‌కు వదలాలా వద్దా అన్నది అదే చూసుకుంటుంది. థర్మోస్టాట్ పీకి, ఫ్యాను డైరెక్ట్ చేసిన బండి సంగతి వేరు. డిసెంబరు పొద్దున గుంతకల్లు రోడ్డెక్కితే ఎంత దూరం పోయినా ఇంజిన్ సరిగా వేడెక్కదు. ఇంజిన్ ఇంకా చల్లగానే ఉందనుకుని ఈసీయూ పెట్రోలు ఎక్కువ పోస్తూనే ఉంటుంది. మైలేజీ ఎందుకు పడిపోయిందని ఓనరు బంకువాణ్ని తిడుతుంటాడు!

రోగం ఒకచోట, మందు ఒకచోట

తమాషా ఏమంటే, ఫ్యాను తిరగకపోవడానికి అసలు కారణం చాలాసార్లు చిన్నదే. ఫ్యూజు పోయి ఉంటుంది. రిలే పాయింట్లు మాడి ఉంటాయి. ఎర్త్ తుప్పు పట్టి ఉంటుంది. సెన్సర్ కనెక్టర్ పచ్చగా చిలుము పట్టి ఉంటుంది. కూలెంట్ బదులు బోరు నీళ్లు పోసే అలవాటు ఉన్నచోట సెన్సర్‌కు ఉప్పు పొర కడుతుంది. పొర కట్టిన సెన్సర్ వేడిని తక్కువ చేసి చెబుతుంది. ఈసీయూ దాన్ని నమ్మి ఊరుకుంటుంది.

కనిపెట్టడానికి పెద్ద మిషన్లు కూడా అక్కర్లేదు. ఏసీ వేసి చూడాలి. ఫ్యాను తిరిగితే మోటారు, ఫ్యూజు బాగున్నట్టే, సెన్సర్ వైపు వెతకాలి. ఇంజిన్ నడుస్తుండగా సెన్సర్ కనెక్టర్ పీకితే చాలా కార్లలో ఈసీయూ భయపడి ఫ్యానును పూర్తి వేగంతో తిప్పుతుంది, చెక్ ఇంజిన్ లైటు వెలుగుతుంది. అప్పుడు కంప్యూటర్, రిలే, మోటారు అన్నీ బతికే ఉన్నాయని అర్థం. కొన్ని వందల రూపాయలకు దొరికే బ్లూటూత్ స్కానర్ ఓబీడీ సాకెట్‌లో పెడితే, ఈసీయూ ఎంత వేడి అనుకుంటున్నదో సెల్‌ఫోన్‌లో కనబడుతుంది. రేడియేటర్ పైపు చేయి పెట్టలేనంత కాలుతుంటే ఫోన్‌లో 70 అని చూపిస్తే దొంగ ఎవరో తెలిసినట్టే.

వైరు నిజంగానే పోయి ఉంటే, కొత్తగా లాగడానికి సరుకు కూడా తక్కువే. ఒక రిలే, హోల్డరు, కంపెనీ చెప్పిన ఫ్యూజు, ఫ్యానుకు కనీసం 2.5 చదరపు మిల్లీమీటర్ల వైరు, ఈసీయూ వైపుకు సన్నది. గంట పని. రెండు వేగాల ఫ్యాన్లు, వేగాన్ని కొద్దికొద్దిగా పెంచే మాడ్యూల్ ఉన్న కొత్త బండ్లలో ఇంత తేలిక కాదు. వాటికి మామూలు రిలే పెట్టబోతే ఉన్నదీ పోతుంది. ఈసీయూలో ఫ్యాను కోసం పిన్నే లేని పాత బండి అయితే థర్మో స్విచ్‌తో వేరే రిలే పెట్టుకోవడమే మర్యాద.

అయితే ఆ ఈసీయూ పిన్ ఏది? అసలు చిక్కంతా ఇక్కడే. కనెక్టర్‌లో పదుల సంఖ్యలో పిన్నులుంటాయి. ఫ్యానుది ఏ నంబరు, ఏ రంగు వైరు అన్నది మోడల్‌కో తీరు. ఒకే మోడల్‌లో సంవత్సరం మారితే కూడా మారొచ్చు. ఆ బొమ్మ కంపెనీ షోరూం కంప్యూటర్‌లో ఉంటుంది. షెడ్డు మిస్త్రీకి ఇవ్వరు. అతను ఎక్కడో సంపాదించినా అది ఇంగ్లీషులో ఉంటుంది. బొమ్మ లేనివాడు కంప్యూటర్ జోలికి పోకుండా డైరెక్ట్ చేయడమే తెలివైన పని అనుకుంటాడు. అతని వైపు నుంచి చూస్తే అది భయమే గానీ బద్ధకం కాదు. వైరు తప్పు కలిపి ఈసీయూ కాలితే కట్టుకోవలసింది అతనే కదా.

ఇది నేను కనిపెట్టిన ఫిర్యాదు కాదు. కాంపిటీషన్ కమిషన్ 2014 ఆగస్టులో 14 కార్ల కంపెనీలకు మొత్తం రూ.2,544 కోట్లకు పైగా జరిమానా వేసింది. విడిభాగాలు, పరీక్ష పరికరాలు, రిపేరు సమాచారం బయటి మెకానిక్‌లకు అందనివ్వడం లేదన్నదే నేరం. వాటిని బయటికి ఇవ్వాలనీ చెప్పింది. కంపెనీలు కోర్టులకెక్కాయి. 2022 డిసెంబరులో కేంద్రం ‘రైట్ టు రిపేర్’ పోర్టల్ పెట్టింది, అందులో ఆటోమొబైల్ రంగం కూడా ఉంది. మంచిదే. కానీ కౌల్ బజారు షెడ్డులో బానెట్ ఎత్తి నిలబడ్డ కుర్రాడి చేతికి పిన్ నంబరు రాలేదు. అమెరికాలో మసాచుసెట్స్ రాష్ట్రం ఓటర్లు 2012లోనే ఈ హక్కును ఓటేసి గెలిపించుకున్నారు.

భాష సంగతి కూడా చెప్పాలి. 1953లో గీత గీసినప్పుడు ఆలూరు, ఆదోని, రాయదుర్గం అటు పోయాయి, బళ్లారి ఇటు మిగిలింది. షెడ్లకు ఆ గీత తెలియదు. కేఏ 34 బండి, పాత ఏపీ 02 బండి ఒకే నీడన నిలబడతాయి. మిస్త్రీ ఓనరుతో తెలుగులో మాట్లాడి, స్పేర్ పార్ట్స్ అంగట్లో కన్నడలో బేరమాడి, హెల్పరును ఉర్దూలో కేకేస్తాడు. మూడు భాషలు వచ్చినవాడికి రాని నాలుగో భాషలోనే పుస్తకం ఉంది. ఐటీఐలో రెండేళ్ల మోటారు మెకానిక్ కోర్సు ఉంది గానీ, పదిహేనేళ్లకే స్పానరు పట్టినవాడు ఇప్పుడు పోయి అక్కడ కూర్చోలేడు. అతనికి కావలసింది సాయంత్రం పూట వారం రోజుల క్లాసు. రిలే, సెన్సర్, మల్టీమీటరు, ఈ మూడే. చెప్పేది తెలుగులోనూ కన్నడలోనూ. మైనింగ్ జిల్లా నిధుల్లోంచి నైపుణ్యాల పేరుతో ఖర్చు పెట్టే వీలుంది. అందులో ఇంత పక్కన పెట్టమని అడగడానికి మన ప్రజాప్రతినిధులకు మొహమాటం దేనికి?

ఓనర్లు మాత్రం తక్కువ తిన్నారా? మూడొందల్లో తేలిపోవాలి, అరగంటలో కావాలి, తర్వాత ఏమైనా మిస్త్రీదే తప్పు. కారణం వెతకడానికి రెండు గంటలు పడుతుందని నిజాయితీగా చెప్పినవాణ్ని వదిలేసి పక్క షెడ్డుకు పోయేది మనమే. ఈ ఎండాకాలంలో ఎవరి బండి అయినా డైరెక్ట్ చేయించుకుంటే, ఊరు చేరాక ఆ వైరు తీయించి అసలు రోగం చూపించండి. పాత వైరు కత్తిరించి పారేయకుండా టేపు చుట్టి ఉంచమని ముందే చెప్పండి. తిరిగి కలపడానికి అదే ఆధారం.

ఇక కంపెనీలకు. బానెట్ కింద ఏసీలో ఎంత గ్యాసు పట్టాలో చీటీ అతికిస్తున్నారు. ఫ్యూజు డబ్బా మూత మీద ఏది దేనిదో బొమ్మ వేస్తున్నారు. ఆ పక్కనే ఫ్యాను రిలే బొమ్మ, ఈసీయూ పిన్ నంబరు, వైరు రంగు వేయడానికి అరచెయ్యంత జాగా చాలు.