కుడుములుండగా క్రీమ్ ఎందుకు?

హన్మకొండలో క్రీమ్ చికెన్ సూప్ అడిగితే చాలాచోట్ల గిన్నెలో వచ్చేది కార్న్‌ఫ్లోర్ జిగురే. అందులో కోడిని వెతుక్కోవాలి. పోనీ ఇంట్లోనే చేసుకుందామనుకునేవాళ్లు వీడియో చూసి ముందుగా ఫ్రెష్ క్రీమ్ డబ్బా కొనుక్కొస్తారు. నిజానికి ఆ ఖర్చు దండగ. ఈ సూప్‌కు చిక్కదనం పిండి నుంచి, కమ్మదనం బొక్కల నుంచి వస్తాయి. రెండూ వరంగల్ వంటింటికి పాత చుట్టాలే.

ఈ సూప్‌కు దారి చూపేది చికెన్ అండ్ డంప్లింగ్స్, అమెరికా దక్షిణాది రాష్ట్రాల ఇంటి వంట. గుడ్లు మానేసిన ముసలి పెట్టను గంటలకొద్దీ ఉడికించి, ఆ నీళ్లలోనే గోధుమపిండి ముద్దలు వేసి, ఒక్క కోడితో ఇంటిల్లిపాదికీ కడుపు నింపే ఉపాయం అది. పాలతాలికలు చేసే ఇంట్లో ఈ కిటుకు ఎవరూ నేర్పక్కర్లేదు. తాలికలు మరిగే పాలలో ఉడుకుతూ కొంత పిండిని వదులుతాయి, పాలు చిక్కబడతాయి. అక్కడ పాలు, బెల్లం. ఇక్కడ కోడి రసం, మిరియాలు. వినాయక చవితి వంటకూ కోడికీ పొత్తేమిటని నొసలు చిట్లించే పెద్దవాళ్లు ఉంటారు. దసరాకు గారెలతో కోడికూర లాగించేది కూడా ఆ ఇళ్లలోనే.

అసలు తేడా కోడి దగ్గర తెలుస్తుంది. బ్రాయిలర్ ఆరు వారాలు దాటకుండానే కోతకొస్తుంది. మాంసం ఇట్టే ఉడుకుతుంది గానీ రసంలోకి దిగే రుచి తక్కువ. నాటుకోడి దొరికితే సరే; లేదంటే పెరట్లో పెంచుకోవడానికి హైదరాబాద్ రాజేంద్రనగర్‌లోని కోళ్ల పరిశోధన సంస్థ తయారుచేసిన వనరాజా రకమైనా నయమే, కాస్త ముదిరింది కావాలి. కీళ్లలో, తోలులో ఉండే కొలాజెన్ సన్నసెగ మీద మెల్లగా కరిగి జెలటిన్‌గా మారుతుంది. పెదాలకు అంటుకునే ఆ జిగి ఏ క్రీమ్ డబ్బాలోనూ దొరకదు. అరకిలో బొక్క ముక్కలకు లీటరున్నర నీళ్లు, ఒక ఉల్లిగడ్డ, నాలుగు ఎల్లిగడ్డ రెబ్బలు, అల్లం ముక్క, మిరియాలు చాలు. పైకి తేలే నురగ తీసేస్తూ గంటన్నర ఉడకనివ్వాలి.

డంప్లింగ్స్ బదులు మనం వేసే బియ్యప్పిండి కుడుముల దగ్గర తొందరపడితే పని చెడుతుంది. గోధుమపిండిలో ఉండే గ్లూటెన్ బియ్యప్పిండిలో ఉండదు. చన్నీళ్లతో తడిపితే ఉండలు రసంలో పడగానే చెదిరిపోతాయి. అందుకే కప్పు నీళ్లలో ఉప్పు, చెంచా నూనె వేసి తెర్లించి, కప్పు పిండి పోసి కలిపి మూత పెట్టాలి. చెయ్యి ఓర్చుకునే వేడికి వచ్చాక సర్వపిండిలో వేసినట్టే నువ్వులు, కొత్తిమీర వేసి మెత్తగా పిసకాలి. రేగుపండంత ఉండలు చేసి ఒక్కోదాన్ని బొటనవేలితో నడుమ నొక్కితే లోపలిదాకా ఉడుకుతాయి. మరిగే రసంలో ఒక్కొక్కటే వదిలాక ఐదు నిమిషాలు గరిటె ముట్టకూడదు. అవి తేలాక చెంచాడు బియ్యప్పిండిని గ్లాసు చల్లటి పాలలో కలిపి పోసి, మంట తగ్గించి మరో నాలుగైదు నిమిషాలు ఉంచాలి.

చింతపండు వైపు మాత్రం చెయ్యి పోనివ్వద్దు, నిమ్మకాయా వద్దు. పాలు విరిగిపోతాయి.

కారానికి 2025లో జీఐ గుర్తింపు తెచ్చుకున్న వరంగల్ చపాట మిర్చి ఉంది. టమాటాలా గుండ్రంగా ఉంటుందని దీన్ని టమాటా మిర్చి అని కూడా అంటారు. ఘాటు తక్కువ, రంగు ఎక్కువ. దాని పొడి చిటికెడు వేడి నేతిలో వేసి సూప్ మీద పోస్తే తెల్లటి గిన్నె ఎర్రబడుతుంది, పిల్లల నోరు మాత్రం మండదు. ఊరి పేరున్న సరుకును ఎనుమాముల మార్కెట్ నుంచి బయటికి పంపడమేనా, గిన్నెలోకీ రానివ్వాలి కదా.

పొద్దుటికి సూప్ మిగిలితే కుడుములు రసమంతా పీల్చేసుకుని గంజులో సూప్ గట్టిపడుతుంది. పారబొయ్యద్దు. వేడినీళ్లు పోసి సన్నసెగ మీద కాస్తే మళ్లీ జారవుతుంది. అంత ఓపిక లేనివాళ్లు దాన్ని గట్కలా చెంచాతో తినెయ్యొచ్చు, ఉప్పు మాత్రం ఓసారి చూసుకోవాలి.