ర్యామ్ పోయిందా? ముందు రుజువు చూపించమనండి

ల్యాప్‌టాప్ హ్యాంగ్ అవుతోందని జగిత్యాలలో చెప్పినా, కోరుట్లలో చెప్పినా, సిరిసిల్లలో చెప్పినా ముందుగా వచ్చే జవాబు ఒక్కటే: "ర్యామ్ పోయింది." మెషిన్ కొంచెం పాతదైతే దాని వెనకాలే ఇంకో మాట: "ఇది ఇక పనికిరాదు, కొత్తది తీసుకో." నేను బీటెక్ చేసి సాఫ్ట్‌వేర్ ఉద్యోగంలో ఉన్నా కాబట్టి, సెలవులకు ఇంటికి పోయినప్పుడల్లా చుట్టాలవీ ఫ్రెండ్స్‌వీ ఇలాంటి ల్యాప్‌టాప్‌లు నా ముందుకు వస్తుంటాయి. (సాఫ్ట్‌వేర్ ఇంజినీర్ అంటే ప్రింటర్ కూడా బాగు చేస్తాడని మా వాళ్ల నమ్మకం. సరే, అది వేరే కథ.) ఇట్లా వచ్చినవాటిలో నిజంగా ర్యామ్ పోయినవి నేను చాలా తక్కువ చూశా.

నా అభిప్రాయం సూటిగా చెప్తా. రుజువు చూడకుండా ర్యామ్ మీద ఒక్క రూపాయి కూడా పెట్టొద్దు. ఆ రుజువు లినక్స్‌తో ఉచితంగానే దొరుకుతుంది. కావాల్సింది ఒక 8 జీబీ పెన్‌డ్రైవ్, ఒక రాత్రి టైమ్.

ఇది ఇప్పుడే ఎందుకంటే, 2025 చివరి నుంచి ర్యామ్ ధరలు దారుణంగా పెరిగాయి. చిప్‌లు ఏఐ డేటా సెంటర్ల వైపు పోతున్నాయి. ర్యామ్ స్టిక్‌లకు పేరున్న క్రూషల్ బ్రాండ్ వినియోగదారుల వ్యాపారం నుంచి తప్పుకుంటున్నట్టు మైక్రాన్ 2025 డిసెంబర్‌లో ప్రకటించింది. దానికి రెండు నెలల ముందే, అక్టోబర్ 14న, విండోస్ 10కి సపోర్ట్ అయిపోయింది. టీపీఎం 2.0 లేని మెషిన్లు, పాత ప్రాసెసర్లున్నవి అధికారికంగా విండోస్ 11కి పోలేవు. అంటే "పాతది పడేయ్" అనడానికి షాపులో మంచి సాకు దొరికింది, అదే టైమ్‌లో కొత్తది ఇంకా ఖరీదైంది. మన దగ్గర ఈ ల్యాప్‌టాప్‌లు ఎట్లా కొంటారో మీకు తెలుసు. ఒక ఇంట్లో అమ్మ బీడీలు చుట్టిన పైసలు, ఇంకో ఇంట్లో నాన్న గల్ఫ్ నుంచి పంపిన పైసలు, మరో ఇంట్లో సాంచాల మీద వచ్చిన కూలి. అందుకే తప్పు డయాగ్నసిస్‌ని చిన్న విషయం అనుకోలేను.

లినక్సే ఎందుకు? అది గొప్పదని కాదు. పెన్‌డ్రైవ్ నుంచే మొత్తం నడుస్తుంది కాబట్టి. ఉబుంటు గానీ మింట్ గానీ పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించి, దాని నుంచి బూట్ చేసి, ఇన్‌స్టాల్ చేయకుండా "ట్రై" ఆప్షన్ ఎంచుకుంటే మీ విండోస్ ఎక్కడిది అక్కడే ఉంటుంది. ఇప్పుడు మీ చేతిలో అదే హార్డ్‌వేర్, కొత్త సాఫ్ట్‌వేర్. సమస్య మాయమైతే తప్పు విండోస్‌లోనో, విండోస్ ఉన్న డిస్క్‌లోనో ఉందన్నమాట. ఇక్కడ కూడా అట్లనే వస్తే హార్డ్‌వేర్‌ను అనుమానించొచ్చు. ఒక జాగ్రత్త మాత్రం తప్పనిసరి. పెన్‌డ్రైవ్ బూట్ కోసం సెక్యూర్ బూట్ ఆపాల్సి వస్తే, ముందు మీ బిట్‌లాకర్ రికవరీ కీ ఎక్కడుందో చూసి రాసి పెట్టుకోండి. లేకపోతే మళ్లీ విండోస్‌లోకి పోయేటప్పుడు అది కీ అడిగి కూర్చుంటుంది.

ఇక అందరినీ భయపెట్టే అంకె సంగతి. టెర్మినల్ తెరిచి ఫ్రీ అనే కమాండ్‌కు హెచ్ ఆప్షన్ జోడించి కొడితే ర్యామ్ లెక్క వస్తుంది. అందులో "ఫ్రీ" అనే కాలమ్‌లో 200 ఎంబీ మాత్రమే కనిపించగానే "అన్నా, ర్యామ్ మొత్తం నిండింది" అని మెసేజ్ పెడతారు. నిండితే మంచిదే! ఖాళీగా ఉన్న ర్యామ్ వల్ల లాభం లేదు. అందుకే డిస్క్ నుంచి చదివిన ఫైళ్లను లినక్స్ ఖాళీ ర్యామ్‌లో దాచి పెట్టుకుంటుంది. ఏ యాప్‌కైనా చోటు కావాలంటే వెంటనే వదిలేస్తుంది. మీరు చూడాల్సిన కాలమ్ "అవైలబుల్." ఈ లెక్కను లినక్స్ కెర్నల్ 2014లో వచ్చిన 3.14 వెర్షన్ నుంచి సొంతంగా ఇస్తోంది. అది బాగా తగ్గి, వీఎంస్టాట్ కమాండ్‌లో ఎస్ఐ, ఎస్ఓ అనే రెండు అంకెలు ఆగకుండా కదులుతుంటే ర్యామ్ చాలట్లేదని అర్థం. చాలకపోవడం వేరు, పాడవడం వేరు. షాపులో ఈ రెండింటికీ ఒకటే పేరు పెడతారు. ఇంకోటి, 8 జీబీ కొంటే 7.6 చూపిస్తోందని కూడా కంగారు పడొద్దు. మిగతాది గ్రాఫిక్స్‌కు, సిస్టమ్ అవసరాలకు పక్కన పెట్టినది.

కోరుట్లలో మా బంధువుల అబ్బాయి ల్యాప్‌టాప్ ఈ గందరగోళానికి మంచి ఉదాహరణ. 4 జీబీ ర్యామ్, తిరిగే హార్డ్ డిస్క్. బూట్ అవడానికే పది నిమిషాలు, బ్రౌజర్ తెరిస్తే మౌస్ కూడా కదలదు. ర్యామ్ పోయిందనీ, ఇంకో 4 జీబీ వేయాలనీ షాపులో చెప్పారు. పెన్‌డ్రైవ్ నుంచి లినక్స్ పెడితే బ్రౌజర్ మామూలుగానే తెరుచుకుంది. హార్డ్ డిస్క్‌లోని ఫోల్డర్ తెరవగానే మాత్రం మళ్లీ ఆగిపోయింది. టాప్ కమాండ్‌లో "డబ్ల్యూఏ" అనే అంకె పైకి లేచింది. ప్రాసెసర్ పని లేక డిస్క్ కోసం ఎదురుచూస్తోందని దాని అర్థం. డీమెసేజ్ లాగ్ చూస్తే డిస్క్ చదవలేకపోయిన ఎర్రర్లు వరసగా ఉన్నాయి. ఉబుంటులో ఉండే డిస్క్స్ యాప్‌లో స్మార్ట్ డేటా తెరిస్తే పెండింగ్ సెక్టార్లు కనిపించాయి. అంటే డిస్క్ చావుబతుకుల్లో ఉంది. ఇట్లాంటప్పుడు మొదట చేయాల్సింది రిపేర్ కాదు, బ్యాకప్. అదే లైవ్ లినక్స్ నుంచి ప్రాజెక్ట్ ఫైళ్లు, ఫొటోలు బయటికి తీశాం. తర్వాత ఒక చిన్న ఎస్ఎస్డీ వేశాం.

ఇందులో అసలు ప్రమాదం ఏంటంటే, షాపు మాట విని ర్యామ్ వేయించి ఉంటే కొన్నాళ్లు బాగానే నడిచేది. ర్యామ్ పెరిగితే డిస్క్ మీదికి స్వాప్ పోవడం తగ్గుతుంది, మెషిన్ హుషారుగా కనిపిస్తుంది. అందరూ "చూశావా, ర్యామే" అనేవాళ్లు. ఏదో ఒక రోజు ఫైళ్లన్నిటితో సహా డిస్క్ పోయేది.

సిరిసిల్లది ఇంకో రకం. సాంచాల షెడ్డు పక్కనే ఉన్న ఒక ఆఫీసు గదిలో లెక్కల కోసం వాడే ల్యాప్‌టాప్. ఆన్ చేసిన అరగంటకు దానంతట అదే ఆఫ్ అయిపోతుంది. దీనికీ "ర్యామ్" అనే పేరే పెట్టారు. రాత్రంతా మెమ్‌టెస్ట్ పెడితే ఒక్క ఎర్రర్ లేదు. లినక్స్‌లో సెన్సార్స్ కమాండ్ పెట్టి చూస్తుంటే ప్రాసెసర్ వేడి 90 డిగ్రీలు దాటి పోతోంది. వేడి ఎక్కువై ప్రాసెసర్ వేగం తగ్గించినట్టు కెర్నల్ లాగ్‌లోనే రాసి ఉంది. వెనక మూత విప్పితే ఫ్యాన్ కనపడలేదు, నూలు దుమ్ము దూదిపిండిలా గూడు కట్టింది. బ్రష్‌తో తీసి, కొత్త థర్మల్ పేస్ట్ పెట్టాక ఆఫ్ అవడం ఆగింది. "కాకా, సాంచకు ఎట్లా దుమ్ము దులుపుతవో దీనికి కూడా అట్లనే మూడు నెలలకోసారి దులుపు" అని చెప్పి వచ్చా. సాంచ ఆగితే ఏ మెకానిక్ కూడా ముందే మోటర్ మార్చమనడు. పోగు తెగిందా, బెల్ట్ జారిందా అని చూస్తాడు. ఆ ఓపిక ల్యాప్‌టాప్ దగ్గరికొచ్చేసరికి ఎందుకు ఉండదో నాకు అర్థం కాదు.

ర్యామ్ నిజంగా పాడవదా అంటే, పాడవుతుంది. అప్పుడు వచ్చే లక్షణాలు స్లో అవడం కాదు. ఉన్నట్టుండి బ్లూ స్క్రీన్, కాపీ చేసిన జిప్ ఫైల్ తెరుచుకోకపోవడం, బ్రౌజర్ ట్యాబ్‌లు ఏ కారణం లేకుండా క్రాష్ అవడం, ఇన్‌స్టాల్ ప్రతిసారీ ఒక్కో చోట ఆగడం. దీనికి పరీక్ష మెమ్‌టెస్ట్86+. ఓపెన్ సోర్స్, ఉచితం, 2022లో వచ్చిన 6వ వెర్షన్ నుంచి కొత్త యూఈఎఫ్ఐ మెషిన్లలో కూడా నడుస్తుంది. ఇది ఏ ఆపరేటింగ్ సిస్టమ్ లేకుండా నేరుగా బూట్ అయి ర్యామ్‌లో రాసి, చదివి పోల్చి చూస్తుంది. రాత్రి పెట్టి పడుకోండి. ఎగ్జామ్‌లో లాగా ఇక్కడ 35 మార్కులకు పాస్ లేదు. ఒక్క ఎర్రర్ వచ్చినా ఫెయిలే.

జగిత్యాలలో ఒక ఫ్రెండ్ ల్యాప్‌టాప్‌లో ఎర్రర్లు వచ్చాయి. రెండు స్టిక్‌లు ఉన్న మెషిన్. ఎర్రర్ వచ్చినా స్టిక్ పోయిందని అప్పుడే తేల్చేయొద్దు. ఒక్కో స్టిక్ తీసి, కాంటాక్ట్‌లు తుడిచి, ఒక్కటే పెట్టి పరీక్షించాలి. తర్వాత స్లాట్ మార్చి పెట్టాలి. ఎర్రర్ స్టిక్ వెంట పోతే స్టిక్ తప్పు. ఏ స్టిక్ పెట్టినా ఒకే స్లాట్‌లో వస్తే మదర్‌బోర్డ్ తప్పు. మావాడిది మాత్రం స్టిక్ వెంటే పోయింది. దాన్ని తీసేసి మిగిలిన 4 జీబీతో లినక్స్ వేసి నడిపిస్తున్నాడు, ధరలు దిగేదాకా ఆగుతాడట.

ర్యామ్ మదర్‌బోర్డుకే అతికించి ఉంటే? అప్పుడు తీయడానికి స్టిక్ ఉండదు. కానీ మెమ్‌టెస్ట్ ప్రతిసారీ అవే కొన్ని అడ్రస్‌ల దగ్గర ఎర్రర్ చూపిస్తుంటే, ఆ ముక్కను వాడొద్దని లినక్స్ కెర్నల్‌కు మెమ్‌మ్యాప్ అనే బూట్ పారామీటర్‌తో చెప్పొచ్చు. 8 జీబీలో ఒక మెగాబైట్ వదులుకుంటే పోయేదేం లేదు. విండోస్‌లోనూ ఇలాంటి దారి ఉంది. ఎర్రర్లు రోజురోజుకూ పెరుగుతుంటే మాత్రం ఈ ఉపాయం మీద ఆధారపడొద్దు. ముఖ్యమైన పని ఆ మెషిన్‌లో పెట్టొద్దు.

లినక్స్ వేస్తే 4 జీబీ 8 జీబీ అయిపోతుందని చెప్పేవాళ్లను కూడా నమ్మకండి. తేలికైన డెస్క్‌టాప్ వేసి జీర్యామ్ ఆన్ చేస్తే చాలా తేడా వస్తుంది. వాడకంలో లేని మెమరీని ర్యామ్‌లోనే కుదించి పెడుతుంది అది. ఫెడోరాలో 2020లో వచ్చిన 33వ వెర్షన్ నుంచి మామూలుగానే ఆన్ అయి ఉంటుంది. సీ ప్రోగ్రాములు, పైథాన్, నోట్స్, వీడియో క్లాసులు 4 జీబీలో హాయిగా నడుస్తాయి. ఆండ్రాయిడ్ స్టూడియో, దాని ఎమ్యులేటర్ నడపాలంటే ఎన్ని ఉపాయాలు చేసినా 4 జీబీ చాలదు. అక్కడ ర్యామ్ కొనాల్సిందే. నేను కొనొద్దనడం లేదు, కారణం తెలిసి కొనమంటున్నా.

షాపు వాళ్ల వైపు నుంచి కూడా ఒక మాట. వాళ్లందరూ మోసగాళ్లని నేననను. మనం పార్ట్ మారిస్తే పైసలిస్తం, చెక్ చేసినందుకు ఇయ్యం. రాత్రంతా మెమ్‌టెస్ట్ పెట్టి "మీ ర్యామ్ బాగానే ఉంది" అని పొద్దున చెప్పే షాపతనికి వచ్చేది సున్నా. అదే కొత్త స్టిక్ అంటగడితే మార్జిన్ వస్తుంది. లెక్క ఇట్లా ఉన్నప్పుడు ప్రతి రోగానికీ ర్యామే మందు అవుతుంది. అందుకే నేను చెప్పేది, చెకింగ్‌కు రెండు వందలో మూడు వందలో వేరే ఇవ్వండి. ఇచ్చి మెమ్‌టెస్ట్ స్క్రీన్ ఫొటో, డిస్క్ స్మార్ట్ రిపోర్ట్ ఫొటో వాట్సాప్‌లో పెట్టమని అడగండి. నాచుపల్లి జేఎన్టీయూ లాంటి క్యాంపస్‌ల పిల్లలు హాస్టల్‌లో ఒక మెమ్‌టెస్ట్ పెన్‌డ్రైవ్, ఒక లైవ్ లినక్స్ పెన్‌డ్రైవ్ పెట్టుకుంటే మొత్తం ఫ్లోర్‌కు సరిపోతాయి.

ఇక కొత్త ల్యాప్‌టాప్ కొనేవాళ్లకు. మా లాంటి గ్యాడ్జెట్ రివ్యూల్లో స్క్రీన్ బ్రైట్‌నెస్ మీద మూడు పేరాలు ఉంటాయి, ర్యామ్ అతికించినదా, స్లాట్ ఉందా అన్నది ఒక్కోసారి అసలే ఉండదు. నా లెక్కలో ఆ లైన్ ధర పక్కనే ఉండాలి. పాత ల్యాప్‌టాప్‌లో ఎన్ని స్లాట్‌లు ఉన్నాయో మూత విప్పకుండా తెలుసుకోవాలంటే లినక్స్‌లో డీఎంఐడీకోడ్ కమాండ్‌కు టీ ఆప్షన్‌తో మెమరీ అని ఇవ్వండి. స్లాట్‌ల సంఖ్య, ఏ స్లాట్‌లో ఎంత ఉంది, ఏ స్పీడ్ అన్నీ చెప్తుంది. బయోస్‌లో కంపెనీ రాసిన వివరాలనే అది చదువుతుంది కాబట్టి అతికించిన ర్యామ్‌ను కూడా ఒక్కోసారి స్లాట్‌గా చూపిస్తుంది. స్టిక్ ఆర్డర్ పెట్టేముందు మీ మోడల్ సర్వీస్ మాన్యువల్‌లో ఇంకోసారి చూసుకోండి.