కష్టకాలంలో పాత వాద్యానికి వెల ఎంత?

పట్టణంలోని పాత సామానుల దుకాణం ముందు కొంతకాలం నిలిచి చూచినవారికి ఒక వింత కనిపించకపోదు. వానలు తప్పిన ఏట, మరమగ్గాలు ఆగిన నెలలలో, గల్ఫు నుండి వచ్చే డబ్బు సన్నగిల్లిన రోజులలో ఆ దుకాణానికి వాద్యాలు వచ్చి చేరుతుంటాయి. తిత్తి చిరిగిన హార్మోనియం, తోలు వదులైన తబలా జత, తీగలు తెగిన బుల్‌బుల్ తరంగ్, ఒకప్పుడు భజన మండలిలో మోగిన ఇత్తడి తాళాలు. కాలం బాగున్న ఏట ఇవే వస్తువులు వెదకినా దొరకవు. అనగా పాత వాద్యాల వ్యాపారికి సరుకు వచ్చే ఋతువు ప్రజలకు తిండి కరువైన ఋతువు. ఈ సంగతి మనస్సులో పెట్టుకోకుండా పాత వాద్యాల ధరలను గూర్చి మాట్లాడుట వ్యర్థమని నా అభిప్రాయం.

మాంద్యం వచ్చినప్పుడు గిరాకీ తగ్గుతుంది, గిరాకీ తగ్గితే ధర తగ్గుతుంది అని అర్థశాస్త్ర విద్యార్థి సులభంగా అనగలడు. బియ్యానికి, బట్టకు అది కొంతవరకు సరిపోవచ్చును. పాత వాద్యం విషయంలో మాత్రం ధర ఒకటి కాదు, రెండు. వ్యాపారి అడిగే ధర ఒకటి; వ్యాపారి ఇచ్చే ధర మరొకటి. కష్టకాలంలో మొదటిది అంతగా కదలదు. రెండవది మాత్రం నేలకు దిగుతుంది. కొనేవాడు రానప్పుడు వ్యాపారి ధర చీటీ మార్చడు. వాద్యాన్ని గోడవారకు జరిపి గుడ్డ కప్పుతాడు. పాతదనం కుళ్ళిపోయే సరుకు కాదు గదా, ఇంకొక యేడు గడిస్తే ఇంకొక యేడు పాతబడుతుంది. అమ్మేవానికి ఆ ఓపిక లేదు. వాని ఇంట్లో జ్వరం ఉన్నది, పిల్లల ఫీజు ఉన్నది, శుక్రవారం కట్టవలసిన కిస్తీ ఉన్నది. కాబట్టి ఆ రెండు ధరల మధ్య ఏర్పడే అంతరాన్ని వాద్యపు విలువగా భ్రమించరాదు. అది అమ్మేవాని ఆకలికి కట్టిన వెల.

ఇది మన ఊళ్ళకే పరిమితమైన విషయం కాదు. అమెరికాలో 1950ల నాటి గిబ్సన్, ఫెండర్ గిటార్ల ధరలు 2007 వరకు ఆకాశానికి ఎగబ్రాకి, 2008 సంక్షోభంతో దిగజారినవి. వాటిని కొన్నవారిలో వాయించేవారికంటె లాభం కొరకు దాచినవారు హెచ్చు. అప్పు పుట్టడం ఆగగానే వారికి గిటారు బరువైంది. అదే కాలపు నీడ ఇంకా తొలగని 2011 జూన్‌లో ‘లేడీ బ్లంట్’ అనే స్ట్రాడివేరియస్ వయొలిన్ 1 కోటి 59 లక్షల డాలర్లకు అమ్ముడుపోయింది. దానిని అమ్మినది ఒక జపాను సంస్థ. ఆ డబ్బు భూకంప, సునామీ బాధితుల సహాయానికి పోయింది. అమ్మకం వెనుక తొందర ఉన్నా, అమ్మే సంస్థకు పస్తు లేదు. అందువల్ల ఆ వాద్యానికి తగిన వెల వచ్చింది. ఓర్వగలిగినవాని వస్తువుకు మాంద్యంలోనూ ధర ఉంటుంది.

మన దేశ చరిత్రలో దీనికి ఇంతకంటె దగ్గరి సాక్ష్యం ఉన్నది. 1930 ప్రాంతంలో ప్రపంచ మాంద్యం వల్ల పంటల ధరలు కూలిపోయినవి. 1931 సెప్టెంబరులో ఇంగ్లండు స్వర్ణ ప్రమాణాన్ని వదలగానే రూపాయలలో బంగారం ధర పెరిగింది. పల్లెల నుండి నగలు షావుకార్ల చేతికి, అక్కడి నుండి బొంబాయి రేవుకు, రేవు నుండి ఓడలలోనికి తరలినవి. అంతవరకు బంగారాన్ని దిగుమతి చేసుకొనే భారతదేశం ఎగుమతి చేసే దేశమైంది. బంగారం ధర పెరిగింది గనుక రైతు లాభపడినాడని ఆనాడు వాదించినవారు లేకపోలేదు. శిస్తు కట్టడానికి భార్య మెడలోని గొలుసు విప్పిన రైతును వారు చూచి ఉండరు.

ఇక మన సమీపానికి వద్దాం. 2020 మార్చి 25 నుండి దేశమంతటా లాక్‌డౌన్ అమలైనప్పుడు ఉర్సులు ఆగినవి, జాతరలు ఆగినవి, పెండ్లి ఊరేగింపులు ఆగినవి. ఖవాలీ బృందాలు, బ్యాండు మేళాలవారు, ఒగ్గు కథకులు, భజన మండళ్ళకు వాయించేవారు ఒక్కనాటితో పని లేనివారైనారు. నాకు పరిచయం ఉన్న ఒక ఖవాల్ సాబ్ ఆ వేసవిలో తన తాతగారి హార్మోనియాన్ని అమ్ముకున్నారు. గుల్దస్తాలా చెక్కిన పెట్టె, లోపల విదేశపు రీడ్లు. వ్యాపారి దానిని తెరచి చూచి, “ఈ డొక్కు పెట్టె ఎవరిక్కావాలి సాబ్, ఇత్తడి తూకం లెక్కన ఇస్తా, మీరు కాబట్టి ఇంకొంచెం కలుపుతా” అన్నాడట. వచ్చిన పైకం రెండు నెలల ఇంటి కిరాయికి సరిపోయింది. రెండేండ్ల తరువాత చేతిలో కొంత డబ్బు ఆడగానే ఆయన దానిని మరల కొనుక్కుందామని వెళ్ళినారు. పెట్టె హైదరాబాదులో ఎవరి ఇంటి హాలులోనో అలంకారంగా నిలిచింది. రీడ్లు ఊడదీసి వేరొక కొత్త పెట్టెలో బిగించబడినవి. “మా తాత గొంతు ఒకచోట, ఒళ్ళు ఒకచోట పోయింది బేటా” అన్నారాయన. అంతకంటె ఆయన ఏమీ అనలేదు, వ్యాపారిని తిట్టనూ లేదు.

నేనూ తిట్టదలచుకోలేదు. వ్యాపారి పక్షాన చెప్పవలసిన మాటలు ఉన్నవి. పాత హార్మోనియం కొనడం చీకట్లో చేయి పెట్టడం వంటిది. తిత్తి తోలు ఎండి పగిలి ఉండవచ్చు, మెట్ల క్రింది బనాతును ఎలుక కొరికి ఉండవచ్చు, రీడు నాలుక తుప్పుపట్టి శ్రుతి జారి ఉండవచ్చు. శ్రుతి కలపడమంటే ఒక్కొక్క రీడును ఒరుస్తూ చెవితో సరిచూచుకొనే పని; అది తెలిసిన పనివారు మన పట్టణాలలో వేళ్ళమీద లెక్కించదగినంతమందే ఉన్నారు. ఆ పనికి కూలి ఇచ్చి, దుకాణం కిరాయి ఇచ్చి, నెలల తరబడి పెట్టుబడిని మూలన కూర్చోబెట్టినవాడు కొంత లాభం కోరుట న్యాయమే. పైగా కష్టకాలంలో కొనేవాడు వాడొక్కడే. వాడు కూడ షట్టరు దించుకుంటే ఖవాల్ సాబ్ ఇంటి కిరాయి ఎవరిస్తారు? నా ఫిర్యాదు లాభం మీద కాదు. వస్తువు ఏమిటో తనకు తెలిసి, అమ్మేవానికి తెలియనీయకపోవడం మీద. ఇత్తడి తూకం అని చెప్పిన నోటితోనే మరునాడు “అసలు పారిస్ రీడు” అని మరొకరికి చెప్పడం మీద.

ఈ పారిస్ రీడు మాట ఎక్కడిదో కొత్త తరానికి తెలియకపోవచ్చు. హార్మోనియం పుట్టినిల్లు పారిస్. అలెగ్జాండర్ దెబేన్ దానికి పేటెంటు పొందినది 1840 ప్రాంతంలో. కాళ్ళతో తొక్కే ఆ పెట్టెను నేలమీద కూర్చుని ఒక చేత్తో తిత్తి ఊదుతూ వాయించేలా మలచిన ఘనత కలకత్తాలోని ద్వారకానాథ్ ఘోష్‌కు, ఆయన ద్వార్కిన్ సంస్థకు చెందుతుంది. రీడ్లు మాత్రం చాలాకాలం ఫ్రాన్సు, జర్మనీల నుండి వచ్చేవి. తరువాత గుజరాత్‌లోని పాలితానా రీడ్ల తయారీకి పేరు పొందింది. ఆకాశవాణి 1940లో హార్మోనియాన్ని తన స్టూడియోల నుండి బహిష్కరించి 1971 వరకు దగ్గరకు రానీయలేదు. అది మన గమకాలకు పనికిరాదని పండితుల తీర్పు. పండితులు వెలివేసిన ఆ పెట్టెను దర్గా మెట్ల మీద ఖవాలు, రామాలయం అరుగు మీద భజనపరుడు సమానంగా ఒడిలో పెట్టుకున్నారు. ఉర్దూ, తెలుగు పక్కపక్కన అచ్చయ్యే ఈ సంచికలో ఆ సంగతి చెప్పుకోవడం అసందర్భం కాదనుకుంటాను.

మరొక సంగతి. 1972 నాటి పురావస్తువుల, కళానిధుల చట్టం ప్రకారం నూరేండ్లు నిండిన హస్తకళాకృతి పురావస్తువు అవుతుంది; దానితో వ్యాపారం చేయడానికి లైసెన్సు కావాలి, ప్రైవేటు వ్యక్తులు దానిని దేశం దాటించరాదు. తాతల నాటి హార్మోనియాలు కొన్ని ఇప్పుడు ఆ వయస్సుకు వచ్చినవి. ఇత్తడి తూకానికి పోతున్న పెట్టె చట్టం దృష్టిలో ఏమవుతుందో ఒక్కసారి విచారించుకోవడం వ్యాపారులకే మంచిది.

హార్మోనియానికైతే కనీసం బజారు ఉన్నది. ఆదిలాబాదు అడవులలోని కిక్రికి అదీ లేదు. రాజగోండుల వంశ గాథలను తరతరాలుగా గానం చేసే ప్రధానులు, వారివలె పాడే తోటివారు చేతబూనే తంత్రీవాద్యం కిక్రి. తోలు కప్పిన కొయ్య కడుపు, గుర్రపు వెంట్రుకల కమాను. పేర్సపేన్ దేవుని ముందు వంశ చరిత్ర పాడేటప్పుడు ఆ పాటకు తోడు అదే. 1940లలో మార్లవాయిలో నివసించి గోండుల జీవితాన్ని గ్రంథస్థం చేసిన హైమెన్‌డార్ఫ్ ఈ గాయకులకు తన రచనలలో పెద్ద స్థానమిచ్చినాడు. అట్టి వాద్యానికి ధర ఎవరు కడతారు? కొనేవాడు నగరం నుండి కారులో వచ్చే సేకర్త ఒక్కడే. ఒక్కడే కొనేవాడు ఉన్నచోట వాడు చెప్పినదే ధర. పత్తి పంట పోయిన ఏట ఆ మాట మరింత బలంగా చెల్లుతుంది. ఆ సేకర్త మెచ్చుకొనేది కొయ్య మీది పొగ నలుపును, చేతి చెమటకు వచ్చిన నునుపును. ఆ నలుపు, నునుపు ఎవరి పొయ్యి దగ్గర, ఎవరి చేతిలో వచ్చినవో ఆ బేరంలో లెక్కకు రాదు. హార్మోనియం పోతే ఒక ఇంటికి నష్టం. కిక్రి పోతే దాని పాటకు ఎదురుచూచే గోండు కుటుంబాలన్నింటికీ నష్టం. ఒక్కడు అమ్మినా అది ఒక్కని సొత్తు కాదు.

ఆచార్య జయధీర్ తిరుమలరావు గారు ఏండ్ల తరబడి ఊరూరా తిరిగి ఇటువంటి జానపద, గిరిజన వాద్యాలను సేకరించి ప్రదర్శించిన సంగతి విదితమే. అట్టి సేకరణ అంగడిలోనికి పోయే సేకరణ కాదు. ఆ రెంటిని ఒకే గాటకట్టరాదు. అయినను భద్రపరచిన వాద్యం మోగదు. మోగించేవాడు బ్రతకాలి. పన్నెండు మెట్ల కిన్నెర వాయించి 2022లో పద్మశ్రీ అందుకున్న మొగులయ్య గారు 2024లో కూలి పనిలో కనిపించిన వార్తను మనమందరం చదివినాము.

కరీంనగరం వెండి తీగల పనికి పుట్టినిల్లు. పాత వెండి పన్నీరు బుడ్డిని తాకట్టుకు తీసుకుపోతే షావుకారు దానిని త్రాసులో వేస్తాడు. తీగను వెంట్రుక సన్నానికి లాగి అల్లిన చేతికి త్రాసులో బరువు లేదు. అయితే తాకట్టు దుకాణానికి ఒక సుగుణం ఉన్నది: గడువులోగా డబ్బు కట్టినవాడు వస్తువును విడిపించుకొనగలడు. పాత వాద్యాల వ్యాపారంలో లేనిది అదే. కష్టకాలంలో వచ్చిన వాద్యాన్ని ఏడాదిపాటు విప్పకుండా, అమ్మకుండా ఉంచి, ఇచ్చిన ధరపై న్యాయమైన వడ్డీ, మరమ్మతు ఖర్చు పుచ్చుకొని తిరిగి ఇచ్చే షరతును రసీదు మీద రెండు వాక్యాలలో వ్రాయవచ్చు. వ్యాపారికి వడ్డీ దక్కుతుంది. గడువు దాటితే వాద్యం వానిదే. ఈ షరతుకు ఒప్పుకోని వ్యాపారి తాను కొనేది ఇత్తడి కాదని ఎరిగినవాడే.

మన కళాశాల చేయగలిగిన పని ఒకటి ఉన్నది, దానికి పెద్ద ఖర్చు లేదు. సిరిసిల్ల నుండి, జగిత్యాల నుండి, నిర్మల్, ఉట్నూరుల నుండి ఇక్కడికి వచ్చి చదివే విద్యార్థులు సెలవులకు ఇంటికి పోయినప్పుడు తమ ఊరిలోని పాత వాద్యాలను చూచి ఒక నోటు పుస్తకంలో వ్రాసుకొని రావలెను. తయారీదారుని పేరు పలక మీద ఏమున్నది, రీడు మీద ముద్ర ఏది, ఎవరు వాయించేవారు, ఏ ఉర్సులో, ఏ సప్తాహంలో మోగింది. ఉర్దూ శాఖ, తెలుగు శాఖ ఉమ్మడిగా ఆ పుస్తకాన్ని ఉంచవలెను. యజమానికి ఒక నకలు ఇవ్వవలెను. తన వస్తువు ఏమిటో కాగితం మీద ఉన్నవాడు దుకాణం మెట్టెక్కినప్పుడు ఇత్తడి తూకం మాట అంత తేలికగా చెల్లదు. కిక్రి విషయంలో మాత్రం పేరు వ్రాసే ముందు ఆ ప్రధాను అనుమతిని, ఊరి పట్లా అనుమతిని అడిగి తీరవలెను. మన జాబితా సేకర్తలకు దారి చూపే పటం కారాదు.

మొదటి పుటకు ఒక పేరు నేను ఇవ్వగలను. జగిత్యాల దారిలోని ఒక పల్లె భజన మందిరంలో, ఫోటోల క్రింద, పసుపు గుడ్డ కప్పిన హార్మోనియం ఒకటి ఉన్నది. ఎడమ వైపు మూడు మెట్లు పలకవు. తాళం చెవి ఎదురింటి దర్జీ చాచా దగ్గర ఉంటుంది, అడిగితే ఇస్తారు.