ట్యాక్స్ సైట్‌ను వాళ్లే ఎందుకు మూసేశారు?

రిటర్న్ వేద్దామని కూర్చుంటే సైట్ మూసి ఉంటుంది. మీకు ఒళ్లు మండుతుంది. 2017 మార్చిలో కెనడాలో అదే జరిగింది. అసలే ట్యాక్స్ సీజన్. అయినా అక్కడి పన్నుల శాఖ తన ఆన్‌లైన్ సేవలను వారాంతంలో తానే ఆపేసింది.

కారణం అపాచీ స్ట్రట్స్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌లో బయటపడ్డ లోపం. జావాతో కట్టిన సైట్లు చాలా దీనిపై నడుస్తాయి. మీరు చూసే పేజీ ముందే రాసిపెట్టి ఉండదు. సర్వర్‌లో ఒక టెంప్లేట్ ఉంటుంది, అందులో ‘నమస్కారం’ పక్కన బ్రాకెట్లలో ఒక కోడ్ ముక్క. మీరు లాగిన్ కాగానే సర్వర్ ఆ ముక్కను చదివి అక్కడ మీ పేరు పెడుతుంది. స్ట్రట్స్‌లో ఈ కోడ్ భాష పేరు ఓజీఎన్ఎల్. పేరు తేవడమే కాదు, సర్వర్ చేత ఏ పనైనా చేయించగలదు.

డెవలపర్ రాసినంత వరకు ఇబ్బంది లేదు. చిక్కంతా బయటివాళ్లు రాసింది కూడా సర్వర్ అలాగే చదివితే. మీరు ఫైల్ అప్‌లోడ్ చేసినప్పుడు, అది ఏ రకం ఫైలో చెప్పే చీటీ లాంటిది బ్రౌజర్ పంపుతుంది. అందులో తప్పుంటే స్ట్రట్స్ ఎర్రర్ మెసేజ్ తయారు చేస్తుంది. ఆ మెసేజ్‌లో తప్పు రాతను ఉన్నదున్నట్టు చేర్చి, మొత్తాన్ని టెంప్లేట్ లాగే మళ్లీ చదివేది. అంటే చీటీలో బ్రాకెట్లు పెట్టి ఆదేశం రాస్తే చాలు, ‘ఇది తప్పు’ అని చెప్పబోతూనే సర్వర్ దాన్ని పాటించేసేది. దరఖాస్తు తిరస్కరించబోయి, అందులో ‘బీరువా తెరువు’ అని ఉంటే తెరిచేసిన గుమస్తా అన్నమాట! పాస్‌వర్డ్ కూడా అక్కర్లేదు.

సరిచేసిన వెర్షన్ మార్చి మొదటి వారంలోనే వచ్చింది. అమెరికా క్రెడిట్ బ్యూరో ఈక్విఫ్యాక్స్‌లో మార్చి 9నే సిబ్బందికి మెయిల్ వెళ్లింది. కానీ క్రెడిట్ రిపోర్టులో తప్పులపై జనం ఫిర్యాదు చేసే పోర్టల్ మాత్రం పాత వెర్షన్‌తోనే ఉండిపోయింది. మే నుంచి జులై దాకా దొంగలు తీరిగ్గా తవ్వుకున్నారు. దాదాపు 14.7 కోట్ల మంది పేర్లు, పుట్టిన తేదీలు, సోషల్ సెక్యూరిటీ నంబర్లు పోయాయి. నెట్‌వర్క్ ట్రాఫిక్‌ను తనిఖీ చేయాల్సిన పరికరం సర్టిఫికెట్ గడువు తీరి నెలల తరబడి గుడ్డిగా పడి ఉంది. దాన్ని మార్చగానే, జులై 29న, దొంగతనం కంటబడింది. జనానికి చెప్పింది సెప్టెంబర్ 7న.

వీళ్లలో చాలామంది ఈక్విఫ్యాక్స్‌లో ఎన్నడూ ఖాతా తెరవలేదు. అప్పిచ్చిన బ్యాంకులే వివరాలు పంపాయి. మన దేశంలోని నాలుగు క్రెడిట్ బ్యూరోల్లో ఈక్విఫ్యాక్స్ ఒకటి. మీకు లోనో క్రెడిట్ కార్డో ఉంటే అక్కడ మీ ఫైలూ ఉండొచ్చు. ఆర్బీఐ నిబంధన ప్రకారం ప్రతి బ్యూరో ఏడాదికి ఒక పూర్తి రిపోర్టు మీకు ఉచితంగా ఇవ్వాలి. తెప్పించుకుని, మీరు తీసుకోని అప్పేదైనా మీ పేరు మీద ఉందేమో చూడండి.