మార్చుటకు ముందు కొలిచి చూడవలెను

రాత్రి చక్కగా నిలిపిన కారు ఉదయమున సెల్ఫ్ తీసికొనక మొరాయించినప్పుడు, కారణమేమని విచారింపకయే ‘బ్యాటరీ పోయినది, కొత్తది వేయుద’మని తీర్పు చెప్పుట మన మరమ్మతు దుకాణములలో ఆచారమైపోయినది. ఆ కొత్తదియు వారము తిరుగకమునుపే దిగిపోయిననాడు గాని, దోషము బ్యాటరీది కాదనియు, దాని శక్తిని హరించుచున్నది వేరొకటి కలదనియు యజమానికి తోపదు. కొలువక చేయు చికిత్సను నేను చికిత్సయని యంగీకరింపజాలను.

కొలుచుటకు సామాన్యమైన మల్టీమీటరు చాలును. ఇంజను ఆపి కొన్ని గంటలు విశ్రాంతి నిచ్చిన పిదప 12.6 వోల్టులు చూపునది నిండు బ్యాటరీ. 12కు దిగినది దాదాపు రిక్తము. ఇంజను నడచుచుండగా సాధారణముగ 13.8 మొదలు 14.5 వోల్టుల వరకు కనబడవలెను. లేనిచో ఆల్టర్నేటరును, దాని బెల్టును శంకింపవలెను.

ఇవి సరిగ నున్నను బ్యాటరీ దిగుచున్నదా, అప్పుడే అసలు పరిశోధన యారంభమగును. తాళము వేసిన కారు సైతము గడియారము, అలారము మొదలగువాని కొఱకు కొంత విద్యుత్తు తీసికొనుచునే యుండును. అది 50 మిల్లీ ఆంపియర్లకు లోబడినచో చింత లేదు. నెగటివ్ తీగను విప్పి, ఆ తీగకును బ్యాటరీకిని నడుమ మీటరును చేర్చి, తలుపులు మూసి, లోని యంత్రాంగమంతయు నిద్రించువరకు ఒక యరగంట వేచి చూడగా, 500 మిల్లీ ఆంపియర్లు కనబడిన వనుకొందము: దినమునకు 12 ఆంపియర్ అవర్లు పోవును గనుక, చిన్న కార్లలో నుండు 35 ఆంపియర్ అవర్ల బ్యాటరీ మూడవనాటికి శూన్యమగును. అంతట ఒక్కొక్క ఫ్యూజునే తీయుచు పోవలెను. ఏది తీసినప్పుడు అంకె పడిపోవునో ఆ మార్గముననే దోషము కలదు. అది డిక్కీలో ఆరని దీపము కావచ్చును, అతుక్కొనిపోయిన రిలే కావచ్చును, పిమ్మట బిగించిన డాష్ క్యామో మ్యూజిక్ సిస్టమో కావచ్చును. ఏ ఫ్యూజు తీసినను అంకె తగ్గనిచో ఆల్టర్నేటరులోని డయోడును పరీక్షింపవలెను. దీనిని పెక్కుమంది విస్మరించుచున్నారు.

నేనింత పట్టుపట్టుటకు మరియొక హేతువు కలదు. బ్యాటరీ బరువులో అధికభాగము సీసము. అనధికారపు కొలుములలో దానిని కరిగించునప్పుడు రేగు ధూళి పసివారి మెదడునకు శాశ్వతమైన హాని చేయును. పాత బ్యాటరీల సేకరణభారమును ఉత్పత్తిదారులపై నుంచుచు కేంద్రప్రభుత్వము 2022లో నియమములు చేసినది. అయినను బాగున్న బ్యాటరీని తుక్కులో పడవేయుటను అవి యాపజాలవు.

కావున పాఠకులారా, దుకాణదారుడు కొత్త బ్యాటరీ వెల చెప్పకముందే, ఆ మిల్లీ ఆంపియర్ల లెక్కను మీ కన్నులయెదుట మీటరులో చూపుమని యడుగుడు.