చమురు పెరిగితే మన భారం, తగ్గితే వారి ఖజానా

గల్ఫ్‌లో చమురు పీపా ధర పెరిగితే నౌపడ ఉప్పు కొటార్లలో పనిచేసేవాడికి, ఆ పక్కన వరి వేసేవాడికి ఏం సంబంధమని అడిగేవాళ్లున్నారు. సంబంధం ఉంది. లెక్కతో సహా చెబుతాం.

మన దేశం వాడే ముడిచమురులో దాదాపు 85 శాతం దిగుమతే. దానికి డాలర్లు కట్టాలి. ధర పెరిగితే ఎక్కువ డాలర్లు కొనాలి. డాలరుకు గిరాకీ పెరుగుతుంది, రూపాయి పడుతుంది. చమురు అమ్ముకునే రష్యాది తలకిందుల లెక్క: 2014లో చమురు కూలితే వాళ్ల రూబుల్ కూలింది.

మనకు దెబ్బ రెండుసార్లు. పీపా 80 డాలర్లనుకోండి. డాలరు 60 రూపాయలైతే పీపా 4,800. డాలరు 80 అయితే అదే పీపా 6,400. 2014 మధ్యలో 60 దగ్గరున్న డాలరు 2022లో 80 దాటింది. ఈ భారమంతా ట్రాక్టరు దమ్ముకు, కోత మిషనుకు, ఉప్పు బస్తాల లారీ కిరాయికి చేరుతుంది.

ఎరువుకూ చేరుతుంది. మనం చల్లే పొటాష్ దిగుమతి సరుకు. 2010 ఏప్రిల్‌లో సబ్సిడీకి కట్టు వేసి, ధరను కంపెనీలకు వదిలేశారు. టన్ను 4,500 లోపున్న పొటాష్ మూడేళ్లు తిరక్కుండా 16 వేలు దాటింది. రూపాయి పతనం అందులో ఒక కారణం.

మరి చమురు తగ్గినప్పుడు? 2014లో వంద డాలర్లు దాటిన పీపా 2016 జనవరిలో 30 లోపుకు పడింది. ఈలోగా కేంద్రం తొమ్మిదిసార్లు ఎక్సైజ్ సుంకం పెంచింది. 2020 మే నెలలో ఒక్క దెబ్బకు లీటరు డీజిల్‌పై 13 రూపాయలు వడ్డించింది. తర్వాత తగ్గించామంటారు. 2014లో 3 రూపాయల 56 పైసలున్న సుంకం, 2022 మే తగ్గింపు తర్వాత కూడా 15 రూపాయల 80 పైసలు! ముల్లు వచ్చి ఆకు మీద పడినా, ఆకు వెళ్లి ముల్లు మీద పడినా చిరిగేది ఆకే.

రూపాయి పడితే ఎగుమతికి మంచిదేగా అంటారు పెద్దలు. డాలరు 82 రూపాయలున్న 2023 జులైలోనే బాస్మతియేతర తెల్ల బియ్యం ఎగుమతిని నిషేధించారు. కొనేటప్పుడు మనకు ప్రపంచ మార్కెట్టు ధర, అమ్మేటప్పుడు తాళం వేసిన గేటు. ఇదెక్కడి న్యాయం?

మేం అడిగేది భిక్ష కాదు. సేద్యానికి, ఉప్పు సాగుకు వాడే డీజిల్‌పై సుంకం ఎత్తేయాలి. రూపాయి ఎంత పడితే ఎరువుల సబ్సిడీ అంత పెంచాలి. స్వామినాథన్ కమిషన్ చెప్పినట్టు ఖర్చుకు సగం కలిపి మద్దతు ధర కట్టాలి. ఈ మూడింటినీ ప్రతి గ్రామసభలో తీర్మానం చేయించి కలెక్టరుకు పంపుదాం. రండి, కదలండి.